నవ్వే ఆడదాన్ని నమ్మవచ్చు
(రేడియో ప్రసంగం)



"నవ్వే ఆడదాన్ని, ఏడ్చే మగవాణ్ణి నమ్మరాదు" అని మన పెద్దవాళ్లు ఏనాడో సామెత కట్టి పెట్టారు. అక్కడితో ఊరుకున్నారా? మయసభలో దుర్యోధనుడు కాలు జారి పడితే ద్రౌపది నవ్వింది కనుకనే కురుక్షేత్రం జరిగిందని ఆ పాపం కూడా ఆడదాని నవ్వు మీదే వేశారు. జూదమాడినవాళ్ల తప్పు లేదు, ఆడించినవాళ్ల తప్పు లేదు. ఒక ఇల్లాలు నవ్విందట, పద్దెనిమిది అక్షౌహిణులు పోయాయట! "ఏమిటా ఇకిలింపు, నోరు మూసుకో" అనిపించుకోకుండా పెరిగిన ఆడపిల్ల మనలో ఎవరైనా ఉంటే చెయ్యెత్తండి. రేడియోలో మీ చేతులు నాకు కనిపించవు గానీ ఎన్ని లేచి ఉంటాయో ఊహించగలను.

ఈ మాట ఇప్పుడెందుకు వచ్చిందంటారా? కొన్నేళ్ల క్రితం ఒకచోట ప్రసంగానికి విషయం చెప్పమని అడిగితే, "హాస్యం గురించి మాట్లాడతానండీ" అన్నాను. ఎదురుగా కూర్చున్న పెద్దమనిషి నొచ్చుకోకుండా, నన్ను నొప్పించకుండా, ఎంతో మర్యాదగా "హాస్యం సంగతి మగవాళ్లు చూసుకుంటారు లేమ్మా, మీరు ఊరగాయల గురించి చెప్పండి" అన్నారు. చెప్పాను. మాగాయ గురించి పది నిమిషాలు మాట్లాడి వచ్చేశాను. మాగాయ మంచిదే, కాదనను. కానీ ఆ మాట ముల్లులా గుచ్చుకుని అలాగే ఉండిపోయింది. ఆడవాళ్లకు నవ్వించడం చేతకాదా? లేక నవ్వించే ఆడవాళ్లను మనం లెక్కలోకి తీసుకోలేదా?

అందుకని ఈ రోజు, నవ్వించడమే వృత్తిగా పెట్టుకుని సినిమాలలోనూ టెలివిజన్‌లోనూ దర్శకురాలిగా పేరు తెచ్చుకున్న ఒకావిడ గురించి చెబుతాను. ఆవిడ పేరు సయీ పరాంజపే. పేరు విని మగవాడనుకునేరు. ఇది మన షిర్డీ సాయి కాదు. మరాఠీలో సయీ అంటే సఖి, చెలి అని అర్థం.

సయీ 1938లో పుట్టారు. తాతగారు రఘునాథ్ పురుషోత్తమ్ పరాంజపే గొప్ప గణిత శాస్త్రజ్ఞుడు. 1899లో కేంబ్రిడ్జిలో లెక్కల పరీక్షలో అందరికంటే ముందు నిలిచి సీనియర్ రాంగ్లర్ అనిపించుకున్నారు. తల్లి శకుంతలా పరాంజపే కూడా కేంబ్రిడ్జిలో చదివిన మనిషే. కుటుంబ నియంత్రణ అన్న మాటను నలుగురిలో పలకడానికే జనం సిగ్గుపడే రోజుల్లో ఆవిడ దాని కోసం పనిచేశారు. తర్వాత రాజ్యసభకు నామినేట్ అయ్యారు. 1937లో శాంతారామ్ గారు తీసిన 'దునియా న మానే' అనే చిత్రంలో నటించారు కూడా. ముసలివాడికి కట్టబెట్టిన పడుచుపిల్ల ఎదురు తిరిగే కథ అది.

సయీ తండ్రి రష్యన్ చిత్రకారుడు. బిడ్డ పుట్టిన కొన్నాళ్లకే భార్యాభర్తలు విడిపోయారు. తల్లి బిడ్డను తీసుకుని పుట్టింటికి వచ్చేసింది. ఆ రోజుల్లో భర్తను విడిచి వచ్చిన స్త్రీని, ఆవిడ బిడ్డను లోకం ఎలా చూసేదో మీకు నేను చెప్పనక్కర్లేదు. అయితే ఆ ఇంట్లో ఏడుపులూ నిట్టూర్పులూ కాక చదువూ, మాటా, పుస్తకమూ ఉండేవి. తాతగారు ఆస్ట్రేలియాలో భారత హైకమిషనరుగా పనిచేసిన 1944-47 మధ్య కాలంలో సయీ బాల్యం కొంత అక్కడే గడిచింది. ఎనిమిదేళ్ల వయసులోనే ఆవిడ రాసిన పిల్లల కథలు మరాఠీలో పుస్తకంగా వచ్చాయి. మన పిల్లలు ఎనిమిదేళ్లకు గోడల మీద రాస్తే మనం వీపు చిట్లగొడతాం. ఆవిడ తల్లి మాత్రం కాగితం ఇచ్చి రాయమంది.

ఇక్కడ మనం గర్వపడాల్సిన విషయం ఒకటుంది. సయీ ఉద్యోగ జీవితం మొదలైంది రేడియోతోనే. పూనా ఆకాశవాణి కేంద్రంలో అనౌన్సరుగా చేరి, కొద్దికాలంలోనే పిల్లల కార్యక్రమాల్లోకి వెళ్లారు. మన తెలుగు పిల్లలకు రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావు గారు, రేడియో అక్కయ్య కామేశ్వరి గారు ఎలాగో, పూనా పిల్లలకు ఆవిడ ఒక అక్కయ్య అన్నమాట.

రేడియోకీ హాస్య చిత్రాలకీ ఏమిటి సంబంధం అంటారేమో. చాలా ఉంది. రేడియోలో మొహం కనిపించదు, పట్టుచీర కనిపించదు. చెయ్యి తిప్పితే లాభం లేదు. ఉన్నదల్లా గొంతు. ఎక్కడ ఆగాలి, ఎంతసేపు ఆగాలి, ఏ మాట మీద బరువు వెయ్యాలి, ఇవి తప్ప చేతిలో మరో ఆయుధం లేదు. హాస్యానికి ప్రాణం సరిగ్గా అక్కడే ఉంది. పోపు పెట్టడం మనకు తెలుసు కదా. ఆవాలు చిటపటలాడకముందే కూర ముక్కలు వేస్తే పచ్చి వాసన. ఇంకో రెండు క్షణాలు ఆగితే మాడు. హాస్యంలో మాట పడవలసిన క్షణం కూడా అంతే. ముందు పడితే అర్థం కాదు, ఆలస్యమైతే చప్పబడిపోతుంది. పుస్తకం చదివితే పోపు రాదు, చెవీ ముక్కూ తేరాలి. సయీ గారి చెవి తేరింది మైకు ముందు.

ఆ తర్వాత ఢిల్లీ వెళ్లి జాతీయ నాటక పాఠశాలలో చేరి, 1963లో అక్కడి చదువు పూర్తి చేశారు. మరాఠీ, హిందీ, ఇంగ్లీషు, మూడు భాషల్లోనూ నాటకాలు రాశారు, ఆడించారు. రేడియో గొంతు నేర్పితే నాటకరంగం మనిషిని నిలబెట్టడం నేర్పింది. ఎవరు ఎటువైపు నుంచి రావాలి, ఎవరు ఎవరికి అడ్డం పడితే నవ్వు వస్తుంది అన్నది రంగస్థలం మీద తెలిసే విద్య. పైగా నాటకంలో ప్రేక్షకుడు ఎదురుగా ఉంటాడు. నవ్వు రాకపోతే అప్పటికప్పుడే తెలిసిపోతుంది. మొహమాటానికి ఎవరూ నవ్వరు కదండీ!

అప్పటికి మన దేశంలో టెలివిజన్ పసిబిడ్డ. 1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో ప్రయోగంగా మొదలైంది. 1976 ఏప్రిల్ దాకా అది ఆకాశవాణిలో ఒక భాగమే. అంటే టీవీ కూడా రేడియో ఇంటి ఆడపడుచే. మన హైదరాబాదులో దూరదర్శన్ కేంద్రం వచ్చింది 1977లో. సయీ పరాంజపే ఢిల్లీ టెలివిజన్‌లో చేరి, పిల్లల కార్యక్రమాలూ, నాటికలూ, చిన్న చిత్రాలూ ఎన్నో చేశారు. టీవీ కోసం తీసిన 'ది లిటిల్ టీ షాప్' అనే చిన్న చిత్రానికి 1972లో టెహరాన్‌లో ఆసియా ప్రసార సంఘం వారి బహుమతి వచ్చింది. అదే ఏడాది బొంబాయి దూరదర్శన్ ప్రారంభమైనప్పుడు మొట్టమొదటి కార్యక్రమం తయారు చేసే బాధ్యత ఆవిడకే అప్పగించారు. కొత్త ఇంట్లో పాలు పొంగించడానికి ఇంటి ఆడపడుచును పిలిచినట్టు.

టెలివిజన్ నేర్పిన పాఠం ఇంకొకటి. సినిమా తెర పెద్దది, దాని మీద కొండలూ సముద్రాలూ పడతాయి. టీవీ తెర చిన్నది. దాని మీద పట్టేది ఒక మొహం, ఒక గది, ఒక టీ కప్పు. డబ్బూ తక్కువే, టైమూ తక్కువే. అంచేత ఉన్నదానితోనే సర్దుకోవాలి. చూశారా, ఇది మనకు బాగా తెలిసిన విద్య! నెలాఖరున ఇంట్లో ఉన్న రెండు వంకాయలు, నాలుగు బంగాళాదుంపలు పెట్టుకుని చుట్టాలకు భోజనం పెట్టడం లాంటిది. ఆ సర్దుబాటే తర్వాత ఆవిడ సినిమాలకు అందం అయింది. భారీ సెట్టింగులు లేకుండా, ఒక అద్దె గదీ, ఒక కిళ్లీ కొట్టూ, ఒక వీధీ పెట్టుకుని రెండున్నర గంటలు కడుపుబ్బ నవ్వించారు.

1970లలో బాలల చిత్ర సంస్థకు ఆవిడ రెండుసార్లు అధ్యక్షురాలిగా ఉన్నారు. 'జాదూ కా శంఖ్', 'సికందర్' అనే పిల్లల సినిమాలు తీశారు. ఆ సంస్థ జరిపే బాలల చలనచిత్రోత్సవానికి తర్వాత మన హైదరాబాదే వేదిక అయింది. 2022లో ఆ సంస్థను జాతీయ చలనచిత్రాభివృద్ధి సంస్థలో కలిపేశారు.

ఇక పెద్దల సినిమాల సంగతి. నవ్వుల దర్శకురాలిగా పేరు పొందిన ఆవిడ తీసిన మొదటి పెద్ద చిత్రం హాస్యం కాదు. 'స్పర్శ్'. చూపులేని పిల్లల పాఠశాలకు చూపులేని ప్రిన్సిపాల్ ఒకాయన. భర్త పోయిన ఒక పడుచు ఆవిడ ఆ పాఠశాలకు పిల్లలకు సాయం చెయ్యడానికి వస్తుంది. ఇద్దరికీ మనసులు కలుస్తాయి. కానీ ఆయనకు ఒక్కటే అనుమానం, ఈవిడది ప్రేమా, జాలా? 'పాపం' అన్న మాట ఆయనకు గిట్టదు. మా పిల్లలకు సాయం చెయ్యండి, జాలి మాత్రం వద్దంటాడు. నసీరుద్దీన్ షా, మన హైదరాబాదులో పుట్టిన షబానా ఆజ్మీ నటించారు. ఢిల్లీలోని అంధుల పాఠశాలలోనే చిత్రీకరణ జరిపారు. అక్కడి పిల్లలే చాలామంది తెర మీద కనిపిస్తారు.

ఇది నవ్వుల సినిమా కాకపోయినా హాస్యం అర్థం కావాలంటే ముందు దీన్ని అర్థం చేసుకోవాలి. ఎదుటివాణ్ణి చూసి జాలిపడకుండా ఉండగలిగినవాళ్లే ఎదుటివాణ్ణి చూసి వెక్కిరించకుండా నవ్వగలరు. జాలీ, వెక్కిరింతా రెండూ పైనుంచి కిందికి చూసే చూపులే. సయీ గారి చూపు ఎప్పుడూ పక్కనుంచి చూసేది. ఆ పిల్లల అల్లరి చూసి మనం నవ్వుకుంటాం. వాళ్లకు చూపు లేదన్న సంగతి ఆ నవ్వులో మరిచేపోతాం.

ఈ సినిమాకు 1979 సంవత్సరపు జాతీయ బహుమతులు మూడు వచ్చాయి. ఉత్తమ హిందీ చిత్రం, ఉత్తమ నటుడు, ఉత్తమ చిత్రానువాదం. ఆ మూడోది సయీ గారికే. ఇంత పేరు వచ్చినా సినిమా జనం దగ్గరకు చేరడానికి ఏళ్లు పట్టింది. అందుకే ఫిలింఫేర్ వారి ఉత్తమ చిత్రం, ఉత్తమ దర్శకత్వం, సంభాషణల బహుమతులు దానికి 1985లో గాని రాలేదు. వండిన వంట చల్లారిపోతుంటే వడ్డించే విస్తరి కోసం ఎదురు చూడడం ఎంత కష్టమో మీకు తెలుసు.

ఈలోగా 1981లో 'చష్మే బద్దూర్' వచ్చింది. ఆ పేరుకు దిష్టి తగలకుండుగాక అని అర్థం. ఢిల్లీలో ఒక అద్దె గదిలో ముగ్గురు బ్రహ్మచారులు. చదువు మీద ధ్యాస ఉన్నవాడు ఒక్కడే, సిద్ధార్థ. మిగతా ఇద్దరికీ సిగరెట్లూ, కబుర్లూ, దారినపోయే ఆడపిల్లలూ లోకం. కిళ్లీ కొట్టు లల్లన్ మియాకు వాళ్ల బాకీ పెరిగిపోతూ ఉంటుంది. ఫరూఖ్ షేక్, రాకేష్ బేడీ, రవి బాస్వానీ ఆ ముగ్గురు. లల్లన్ మియాగా సయీద్ జాఫ్రీ. ఆ వీధిలోకి నేహా అనే అమ్మాయి వస్తుంది. దీప్తి నావల్ వేశారు.

నేహా ఏం చేస్తుందో చూడండి. సంగీతం నేర్చుకుంటూ, ఖర్చులకు ఇంటింటికీ తిరిగి బట్టల సబ్బుపొడి అమ్ముతుంది. చమ్కో అని దాని పేరు. మధ్యాహ్నం పూట కునుకు పట్టే వేళకు తలుపు తట్టే సబ్బుపొడి అమ్మాయిని మనం ఏం చేస్తాం? "వద్దమ్మా" అని సగం తలుపులోంచే పంపించేస్తాం. సయీ గారు ఆ అమ్మాయిని లోపలికి పిలిచి హీరోయిన్‌ని చేశారు.

ఆ సన్నివేశాన్ని కాస్త విడదీసి చూద్దాం. హాస్యం ఎలా తయారవుతుందో తెలుస్తుంది. సిద్ధార్థ సిగ్గరి. తలుపు తీశాడు. ఎదురుగా అమ్మాయి. ఆమెకు సరుకు అమ్మాలి, అతనికి ఎలాగో అలా ఈ గండం గడవాలి. ఆమె బడిపిల్ల పద్యం అప్పజెప్పినట్టు సబ్బుపొడి గొప్పతనం అప్పజెబుతుంది. ఒక గుడ్డ తెప్పించి నీళ్లలో ముంచి నురగ చూపిస్తుంది. అతను ఆ నురగను ప్రపంచంలో ఎనిమిదో వింతలా చూస్తాడు. ఇద్దరూ మర్యాద కోసం ఎంత తంటాలు పడుతుంటే మనకు అంత నవ్వు. ఇందులో జోకు ఏదీ అని వెతికితే దొరకదు. ఎవరూ జారి పడలేదు, ఎవరూ వింత గొంతుతో మాట్లాడలేదు. మనకు నవ్వొస్తున్నదన్న సంగతి వాళ్లిద్దరికీ తెలియదు. హాస్యంలో మొదటి సూత్రం అదే. నటుడు తాను నవ్విస్తున్నానని అనుకున్న క్షణంలో నవ్వు చచ్చిపోతుంది.

రెండో సూత్రం, ఎవరిని చూసి నవ్వాలి అన్నది. మిగతా ఇద్దరు స్నేహితులూ అంతకుముందే విడివిడిగా ఆ అమ్మాయి వెంటపడి చీవాట్లు తిని వచ్చారు. కానీ గదికి తిరిగొచ్చి ఏం చెప్పారనుకున్నారు? ఆ అమ్మాయి తమ మీద మనసు పారేసుకుందని, తామిద్దరూ పాటలు పాడుకున్నామని, సినిమా ఫక్కీలో కోతలు కోశారు. ఒక్కొక్కడు చెప్పే కథ తెర మీద మనకు కనిపిస్తుంది. అసలు జరిగిందీ కనిపిస్తుంది. ఆ రెంటికీ మధ్య ఉన్న అగాధంలో నవ్వు పుడుతుంది. పనిలో పనిగా హిందీ సినిమాల్లో తోటల్లో పాడుకునే డ్యూయెట్లను కూడా ఆవిడ ఆటపట్టించారు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. మనం చూసే హాస్యంలో సాధారణంగా నవ్వులపాలయ్యేది ఎవరు? లావుగా ఉన్న ఆవిడ, గయ్యాళి అత్త, మొగుణ్ణి సాధించే పెళ్లాం, పెళ్లికాని ముదురు కన్య. అందరూ మనమే! హాలులో కూర్చుని మనల్ని చూసి మనమే నవ్వి ఇంటికొస్తాం. 'చష్మే బద్దూర్'లో మాత్రం నవ్వులపాలయ్యేది మగపిల్లల డాంబికం. వీధి అరుగు మీద కూర్చుని దారినపోయే ఆడపిల్ల గురించి లేనిపోనివి కల్పించి చెప్పుకునే ఆ అలవాటు. ఆ కోతల వల్లనే తర్వాత సిద్ధార్థకు నేహా మీద అనుమానం పుడుతుంది, ఇద్దరూ విడిపోయే దాకా వస్తుంది. ఆడపిల్ల పరువుతో ఆడుకునే అబద్ధం ఎంత దూరం పోతుందో ఒక్క ఉపన్యాసం లేకుండా, ఒక్క కన్నీటి సీను అతిగా తీయకుండా చెప్పారు. అలాగని ఆ కుర్రవాళ్లను దుర్మార్గులను చెయ్యలేదు. తప్పు తెలుసుకుని దిద్దుకోబోయి ఇంకో గందరగోళం తెచ్చిపెట్టే అమాయకులుగానే ఉంచారు. మన మరుదులూ, తమ్ముళ్లూ ఇలాగే ఉంటారే అనిపిస్తుంది. నవ్వుతూనే చెవి మెలిపెట్టడం అంటే ఇదీ.

సరిగ్గా అదే 1981లో మన తెలుగులో 'ముద్దమందారం'తో జంధ్యాల గారు దర్శకులయ్యారు. నవ్వలేకపోవడం ఒక రోగం అన్నది ఆయన మాటే. ఆయన 1984లో తీసిన 'శ్రీవారికి ప్రేమలేఖ' ఒక రచయిత్రి, పొత్తూరి విజయలక్ష్మి గారి నవల నుంచి పుట్టింది. తెలుగువాళ్లంతా పొట్టచెక్కలయ్యేలా నవ్విన ఆ సినిమాకు విత్తనం వేసింది ఆడమనిషి కలం అని మనలో ఎందరికి గుర్తుంది? ఊరగాయలు చెప్పమన్న పెద్దమనిషికి ఆ రోజు ఈ మాట నాకు తోచలేదు. ఇంటికొచ్చాక తోచింది. మనకు మంచి జవాబులన్నీ ఇంటికొచ్చాకే కదా తోచేది.

1983లో వచ్చిన 'కథా' ఇంకొక అడుగు ముందుకు వేసింది. మరాఠీలో ఎస్. జి. సాఠే రాసిన నాటకం దీనికి ఆధారం. దాని పేరుకు కుందేలూ తాబేలూ అని అర్థం. ముంబయిలో చాల్ అంటారే, వరసగా గదులూ, ఒకటే పొడుగాటి వసారా, అందరికీ ఒకటే కుళాయి, అలాంటిచోట జరిగే కథ. రాజారామ్ మంచివాడు, గుమస్తా. అందరి పనులూ చేసిపెడతాడు. ఎదురింటి సంధ్య మీద ప్రేమ, చెప్పడానికి నోరు రాదు. అతనే తాబేలు. అతని గదిలోకి పాత స్నేహితుడు బాషు దిగుతాడు. తియ్యటి మాటలవాడు. అబద్ధం నిజంకంటే అందంగా చెబుతాడు. అతని చొక్కాలు వేసుకుంటాడు, పెద్ద ఉద్యోగం కొట్టేస్తాడు, చివరకు సంధ్యనూ మాటలతో కట్టేస్తాడు. అతను కుందేలు. నసీరుద్దీన్ షా తాబేలైతే, 'చష్మే బద్దూర్'లో సిగ్గరిగా కనిపించిన ఫరూఖ్ షేకే ఇందులో కుందేలు.

చందమామ కథలో అయితే తాబేలు గెలిచింది, కంచికి వెళ్లింది. కానీ మన కాలంలో? బాషు పెళ్లి దాకా తెచ్చి పారిపోతాడు. మోసపోయిన సంధ్యను, జరిగినదంతా ఆమె నోటనే విని, రాజారామ్ చేసుకుంటాడు. గెలిచాడా అంటే గెలిచాడు. కానీ కుందేలు ఏ దెబ్బా తగలకుండా ఇంకో ఊరు, ఇంకో పందెం వెతుక్కుంటూ పోతుంది. ఇంతసేపూ ఆ కుందేలు మాటలకు పడి పడి నవ్విన మనకు అప్పుడు చురుక్కుమంటుంది. చాల్‌లో వాళ్లు మోసపోయారని నవ్వుకున్నాం, హాల్లో మనమూ అతని మాటల్లో పడ్డాం కదా! ఆ సినిమాకు ఉత్తమ హిందీ చిత్రంగా జాతీయ బహుమతి వచ్చింది. అందులో సయీ గారి అమ్మాయి విన్నీ కూడా నటించింది.

సంధ్య విషయంలో దర్శకురాలు చూపిన మర్యాద గమనించారా? మోసపోయిన ఆడపిల్లకు మన సినిమాల్లో రెండే దారులుండేవి, నుయ్యో గొయ్యో. ఈవిడ ఆ అమ్మాయిని చంపలేదు, తల వంచుకోనివ్వలేదు. ఉన్న సంగతి సూటిగా చెప్పనిచ్చారు, వినేవాడిచేత మనిషిలా విననిచ్చారు. హాస్య చిత్రం చేసే పని ఇది కాదని ఎవరన్నారు?

ఆ రోజుల్లోనే దేశమంతటా ఇళ్లల్లోకి టీవీలు వస్తున్నాయి. 1982లో రంగులు వచ్చాయి, 1984లో 'హమ్ లోగ్'తో సీరియళ్ల కాలం మొదలైంది. సయీ గారు మళ్లీ చిన్న తెరకు వచ్చి 'అడోస్ పడోస్', 'ఛోటే బడే' అనే సీరియళ్లు చేశారు. అడోస్ పడోస్ అంటే ఇరుగుపొరుగు. అంతకుముందు ఆవిడ రాసిన మరాఠీ నాటకాల్లో ఒకదాని పేరుకు కూడా ఇరుగుపొరుగనే అర్థం. చాల్ అయినా, అద్దె గది అయినా, అపార్టుమెంటు అయినా ఆవిడకు కావలసింది గోడకు అవతల ఉన్న మనుషులే. పంచదార అప్పుకు వచ్చి గంటసేపు కూర్చునే పక్కింటావిడలో, పేపరు అడిగి తీసుకెళ్లి తిరిగివ్వని ఎదురింటాయనలో కథ ఉందని కనిపెట్టడానికి ఎక్కడికీ ప్రయాణం చెయ్యనక్కర్లేదు, కళ్లు తెరిచి ఉంచుకుంటే చాలు.

ఇదంతా పూలబాట అనుకోకండి. 'కథా' 1983లో వస్తే తర్వాతి పెద్ద చిత్రం 'దిశా' 1990లో గాని రాలేదు. పల్లె విడిచి ముంబయి బట్టల మిల్లుల్లో కూలికి చేరిన మనుషుల కథ అది. ఊళ్లో ఒకడు నీళ్లు పడతాయన్న ఆశతో ఏళ్ల తరబడి ఒంటరిగా బావి తవ్వుతూనే ఉంటాడు. ఊరంతా పిచ్చివాడంటారు. చివరకు నీళ్లు పడతాయి. ఈ బావి తవ్వే మనిషిని చూస్తే నాకు సయీ గారే గుర్తొస్తారు. 1997లో ఇద్దరు గాయనీమణులైన అక్కచెల్లెళ్ల కథ 'సాజ్' తీశారు. పేరు, బహుమతులు ఉన్నా సినిమాకూ సినిమాకూ మధ్య అన్నేసి ఏళ్లు. సొంత సంసారంలోనూ ఒడుదొడుకులు వచ్చాయి. నాటకరంగానికి చెందిన అరుణ్ జోగ్లేకర్ గారిని పెళ్లి చేసుకున్నారు, తర్వాత విడిపోయారు. అయినా 1992లో ఆయన పోయేదాకా స్నేహితులుగానే ఉన్నారు. ఇద్దరు పిల్లలను పెంచుకుంటూనే ఈ పనంతా చేశారు.

2006లో భారత ప్రభుత్వం ఆవిడకు పద్మభూషణ్ ఇచ్చింది. తల్లి శకుంతల గారికి అదే పురస్కారం 1991లో వచ్చింది. లోకం వేలెత్తి చూపిన తల్లీ కూతుళ్లిద్దరికీ ఒకే గౌరవం! 2013 ఏప్రిల్ 5న 'చష్మే బద్దూర్'ను కొత్త నటులతో మళ్లీ తీసి విడుదల చేస్తే, సరిగ్గా అదే రోజు పాత సినిమాను కూడా శుభ్రం చేసి హాళ్లలోకి తెచ్చారు. ముప్పై రెండేళ్ల తర్వాత! చమ్కో కొత్త పిల్లలకూ తెలిసింది.

తన జీవితాన్ని ఆవిడ మరాఠీలో రాసుకున్నారు. ఆ పుస్తకం 2016లో వచ్చింది. 2020లో ఇంగ్లీషులోనూ వచ్చింది. ఇంగ్లీషు పుస్తకానికి ఆవిడ పెట్టిన పేరుకు తెలుగు చెప్పాలంటే 'అతుకుల బొంత'. విన్నారా? బొంత! మన అమ్మమ్మలు పాత చీరలు, చిరిగిన పంచెలు, జాకెట్టు గుడ్డ ముక్కలు ఏదీ పారెయ్యకుండా దాచి, మధ్యాహ్నం పూట కూర్చుని కుట్టే బొంత. ఒక ముక్క రేడియో, ఒక ముక్క నాటకం, ఒక ముక్క టీవీ, ఒక ముక్క సినిమా, ఒక ముక్క సంసారం. విడివిడిగా చూస్తే పీలికలే. కలిపి కుడితే చలికి కప్పుకోవడానికి వస్తుంది.

మనలో చాలామంది జీవితాలు అలా ముక్కలుగానే ఉంటాయి. పెళ్లికి ముందు కొంచెం సంగీతం, పిల్లలు పుట్టాక కొంచెం కుట్లు, వాళ్లు పెద్దయ్యాక కొంచెం తీరిక. ఏదీ పూర్తిగా చెయ్యలేకపోయామని బాధపడతాం. ముక్కలని పారెయ్యకండి. దాచిపెట్టుకోండి. ఏది ఎక్కడ అతుకుతుందో ఎవరికి తెలుసు? పూనాలో పిల్లలకు కథలు చెప్పిన గొంతు దేశమంతా నవ్వించే సినిమా తీస్తుందని ఆ రోజు మైకు ముందున్న అమ్మాయికి మాత్రం తెలుసా?

ఆఖరుగా ఒక మాట. మీ ఇంట్లో ఆడపిల్ల ఎవరినైనా అనుకరిస్తుంటేనో, మేనత్త నడిచినట్టు నడిచి చూపిస్తుంటేనో, "తప్పు, అలా చెయ్యకూడదు" అనే ముందు ఒక్క క్షణం ఆగి చూడండి. అందులో వెక్కిరింత ఉంటే మందలించండి. మనిషిని గమనించే కన్ను ఉంటే మాత్రం కూర్చుని చూడండి, పగలబడి నవ్వండి, ఒక కాగితం చేతికివ్వండి. శకుంతల గారు ఇచ్చింది అదే కదా.

సామెత పాతదే. ఏడ్చే మగవాడి సంగతి ఏమో గానీ, నవ్వే ఆడదాన్ని నమ్మవచ్చు. ఆవిడ నవ్వుతున్నదంటే చూసింది అని అర్థం.